రెజ్లర్ సంతకం ఉన్న ఫోటో అసలుదేనా? ఇంట్లో కూర్చుని తేల్చుకునే పద్ధతి

చేతికి రాగానే సంతకం మీద భూతద్దం పెట్టడం అందరికీ అలవాటు. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని. ముందు చూడాల్సింది ఫోటోని. అది ఏ ఏడాది తీసింది, ఎప్పుడు ప్రింటయింది, అప్పటికి సంతకం పెట్టాల్సిన మనిషి బతికి ఉన్నాడా? చాలా నకిలీలు ఈ లెక్కలోనే దొరికిపోతాయి, చేతిరాత దాకా వెళ్లే పనే పడదు.

కింద చెప్పే పరీక్షలతో ‘ఇది నకిలీ’ అని గట్టిగా చెప్పొచ్చు. ‘ఇది అసలే’ అని అంత గట్టిగా చెప్పగలిగేది, సంతకం పెడుతుంటే పక్కన నిలబడి చూసినవాళ్లు మాత్రమే. కాబట్టి ప్రతి మెట్టునూ జల్లెడ అనుకోండి. ఎక్కడ పట్టుబడితే అక్కడితో పని అయిపోయినట్టే. అన్నీ దాటిందంటే నమ్మడానికి కారణాలు పెరిగాయని అర్థం, అంతే.

1. దగ్గర పెట్టుకోవాల్సినవి

- 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం. నగల పనివాళ్లు కంటికి పెట్టుకునేది సరిపోతుంది. 40 లేదా 60 రెట్ల జేబు మైక్రోస్కోపు కూడా ఉంటే మరీ మంచిది.
- యూవీ టార్చ్. దొంగనోట్లు చూడటానికి షాపుల్లో వాడేది పనికొస్తుంది, కొత్తగా కొంటే 365 నానోమీటర్లది తీసుకోండి.
- ఎటు కావాలంటే అటు తిప్పుకోగల టేబుల్ లైటు. లేకపోతే ఫోన్ టార్చ్.
- మిల్లీమీటర్ల స్కేలు.
- ఫ్లాట్‌బెడ్ స్కానరు. ఫోన్ కెమెరా అంచుల దగ్గర ఆకారాన్ని కొంచెం సాగదీస్తుంది, కొలతలకు పనికిరాదు.
- శుభ్రమైన నూలు లేదా నైట్రైల్ చేతొడుగులు.
- పనికిరాని నిగనిగల ఫోటో ఒకటి, నల్ల పర్మనెంట్ మార్కరు ఒకటి. ఇవి దేనికో 7వ మెట్టులో తెలుస్తుంది.

ఫోటో ఫ్రేములో ఉంటే బయటికి తీయాల్సిందే. అద్దం వెనకున్న సంతకం మీద చేసే ఏ పరీక్షా పరీక్ష కాదు. అద్దానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం లాగొద్దు. పై పొర ఊడి, దాంతోపాటు సిరా కూడా వచ్చేస్తుంది.

2. ఇంకా కొనకపోతే, అమ్మేవాళ్లను అడగాల్సినవి

- ముందు వైపు, వెనక వైపు పూర్తి ఫోటోలు. నాలుగు మూలలూ కనపడాలి.
- సంతకం దగ్గర్నుంచి తీసిన ఫోటో.
- ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని తీసిన పది సెకన్ల వీడియో.
- ఎక్కడ, ఏ కార్యక్రమంలో, ఏ తేదీన పెట్టించుకున్నారో రాతపూర్వకంగా.

వీడియో అడగ్గానే జవాబులు ఆగిపోయాయంటే మీ డబ్బు మిగిలినట్టే. ఊరూ తేదీ చెబితే సరిచూడండి. హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో 2023 సెప్టెంబరు 8న అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శన సూపర్‌స్టార్ స్పెక్టాకిల్ జరిగింది. జాన్ సీనా, సెత్ రోలిన్స్ జోడీగా లుడ్విగ్ కైజర్, జొవాన్నీ వించీలతో తలపడింది ఆ రాత్రే. ఎవరెవరు ఆడారో బహిరంగంగానే ఉంది. ఆ జాబితాలో లేని మనిషి సంతకం చూపించి ‘గచ్చిబౌలిలో పెట్టించుకున్నా’ అన్నారంటే ఆ కథ అక్కడికి సరి.

3. ఫోటో వయసు

వెనక వైపుతో మొదలుపెట్టండి. నకిలీ చేసేవాళ్లు ముందు వైపు మీద పెట్టిన శ్రద్ధ వెనక పెట్టరు.

కొన్ని డిజిటల్ ల్యాబుల్లో ఫోటో వెనక సన్నటి చుక్కల అక్షరాలతో ఫైలు పేరు అచ్చవుతుంది. లైటును పక్కనుంచి వేసి వరుస వరుసగా వెతకండి. 1990ల నాటిదని చెప్పిన ఫోటో వెనక ‘ఐఎంజీ’, దాని పక్కన 2019తో మొదలయ్యే అంకెలు, చివర ‘డబ్ల్యూఏ’ కనిపిస్తే, వాట్సాప్‌లో వచ్చిన బొమ్మను ల్యాబుకిచ్చి తీయించారన్నమాట.

తర్వాత కొలత. అమెరికా ప్రచార ఫోటోలకు మామూలు సైజు 8×10 అంగుళాలు, అంటే 203×254 మిల్లీమీటర్లు. మన ల్యాబుల్లో 8×12 ఎక్కువ. 8×12 అయినంత మాత్రాన నకిలీ అని కాదు, దిగుమతి అయిన పాత ప్రచార ఫోటో అని చెప్పి అమ్ముతుంటే మాత్రం అనుమానించండి. ఒక అంచు మాత్రం కత్తెరతో కోసినట్టు వంకరగా ఉంటే, పత్రిక పేజీయో క్యాలెండరో అయి ఉండొచ్చు.

ఇక కాగితం. ప్లాస్టిక్ పూత ఉన్న ఫోటో కాగితం 1970ల మొదట్లో గానీ విరివిగా రాలేదు. పాతతరం అమెరికా రెజ్లర్ గార్జియస్ జార్జ్ చనిపోయింది 1963 డిసెంబరు 26న. ఆయన ఫోటో వెనక వైపు ప్లాస్టిక్‌లా నున్నగా తగిలితే, అది ఆయన పోయాక ప్రింటయినది. సంతకం ఎంత అందంగా ఉన్నా లాభం లేదు.

గదంతా చీకటి చేసి యూవీ టార్చ్ వేయండి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు ఫోటో కాగితాల్లోకి వచ్చింది 1950ల మధ్యలో. 1940ల నాటిదన్న ఫోటో నీలి తెలుపులో వెలిగిపోతుంటే ఆ తేదీ అబద్ధం. దీన్ని తిరగేసి వాడకూడదు. వెలగనంత మాత్రాన పాతదని కాదు, ఈ రసాయనాలు లేని కాగితాలు ఇప్పుడూ దొరుకుతాయి.

చివరగా ముందు వైపు అంచుల్లో అచ్చయిన చిన్న అక్షరాలు:

- కాపీరైట్ ఏడాది. సంతకం దానికన్నా ముందుది కావడానికి వీల్లేదు.
- ‘టైటాన్ స్పోర్ట్స్’ అన్న పేరు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈ పాత పేరు)ను నడిపిన కంపెనీ ఇది. 1980, 90ల డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ప్రచార ఫోటోల్లో కనిపించేది ఇదే.
- లోగో. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పేరు డబ్ల్యూడబ్ల్యూఈగా మారింది 2002 మేలో. రెజ్లర్ల బొమ్మల ట్రంప్ కార్డులాడిన తరానికి ఇది నోటికొచ్చిన విషయమే అయినా, ఫోటో కొనేటప్పుడు గుర్తుకు రాదు.
- వెబ్‌సైట్ చిరునామా. అది ఉంటే ఫోటో 1990ల రెండో సగం, లేదా ఆ తర్వాతిది.

4. తేదీల లెక్క

కాగితం మీద ఒక గీత గీయండి. ఎడమ చివర ఫోటో తీసిన తేదీ, కుడి చివర రెజ్లర్ మరణించిన తేదీ, బతికుంటే ఈ రోజు తేదీ. సంతకం పడగలిగింది ఈ రెంటి మధ్యనే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎడ్డీ గెరేరో డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్‌షిప్ బెల్టు భుజాన వేసుకున్న 8×10. కింద నీలం మార్కరుతో సంతకం, పక్కనే అదే రంగులో ‘హాల్ ఆఫ్ ఫేమ్ 2006’ అన్న రాత. హాల్ ఆఫ్ ఫేమ్ అంటే డబ్ల్యూడబ్ల్యూఈ గొప్ప రెజ్లర్లకిచ్చే గౌరవం.

ఎడ్డీ ఆ బెల్టు గెలిచింది 2004 ఫిబ్రవరి 15న, నో వే అవుట్ అన్న పోటీల కార్యక్రమంలో బ్రాక్ లెస్నర్ మీద. జూన్ 27న జేబీఎల్ అనే రెజ్లర్ చేతిలో పోగొట్టుకున్నాడు. ఫోటో ఈ నాలుగు నెలల్లోది. ఎడ్డీ చనిపోయింది 2005 నవంబరు 13న. అంటే ఆ ఫోటో మీద సంతకం పెట్టడానికి ఆయనకున్నది 21 నెలలు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది మరుసటి ఏడాది, 2006లో. పోయిన మనిషి రాసుకోలేడు కదా!

‘సంతకం అసలుదే, పక్కన రాత ఎవరో తర్వాత చేర్చారు’ అని అమ్మేవాళ్లు వాదించొచ్చు. వాదన నిజమే అయినా వస్తువు చెడిపోయినట్టే, ఆ ధర పెట్టక్కర్లేదు.

ఇలాంటి లెక్కకు పనికొచ్చే మరణ తేదీలు కొన్ని:

- ఆండ్రే ద జెయింట్: 1993 జనవరి
- ఓవెన్ హార్ట్: 1999 మే 23
- యోకోజునా: 2000 అక్టోబరు
- రాండీ శావేజ్: 2011 మే 20. హాల్ ఆఫ్ ఫేమ్ 2015లో, కాబట్టి ఆ రాత ఎక్కడ కనిపించినా నకిలీయే.
- అల్టిమేట్ వారియర్: 2014 ఏప్రిల్ 8. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది ఏప్రిల్ 5న. పేరు ప్రకటించింది ఆ జనవరిలోనే కాబట్టి ‘2014’ రాత అసాధ్యమని అనలేం. కానీ దొరికిన వ్యవధి మూడు నెలలే, గట్టి ఆధారం ఉంటే తప్ప నమ్మొద్దు.
- రాడీ పైపర్: 2015 జులై 31
- హల్క్ హోగన్: 2025 జులై 24

పాత ఫోటో మీద కొత్త సంతకం తప్పేమీ కాదు. 1988 ఫోటో మీద 2010లో సంతకం పెట్టొచ్చు. అప్పుడు పోల్చాల్సింది 2010 నాటి సంతకాలతో.

పేరు కూడా చూడండి. కుస్తీలో పేరు మనిషిది కాదు, పాత్రది. సిన్ కారా ముసుగు 2011 నుంచి ఒకరు వేశారు, 2013 నుంచి ఇంకొకరు. పేరు ఒకటే, చేతులు రెండు. స్టీవ్ ఆస్టిన్‌కు ‘స్టోన్ కోల్డ్’ అన్న బిరుదు 1996కు ముందు లేదు. 1993లో పెట్టించుకున్నామని చెప్పే సంతకంలో ఆ మాట ఉంటే కథ తప్పు.

5. సిరా పైన ఉందా, లోపల ఉందా

అభిమానుల ఉత్తరాలకు జవాబుగా పంపే ప్రచార ఫోటోల్లో సంతకం అచ్చులోనే ఉండటం మామూలే. అది మోసం కాదు, అచ్చు వస్తువు. దాన్ని చేతి సంతకమని అమ్మితేనే మోసం.

ఫోటోను కంటి ఎత్తుకు తెచ్చి, ట్యూబ్‌లైటు ప్రతిబింబం సంతకం మీదుగా జారేలా మెల్లగా వంచండి. చేతి సంతకమైతే ప్రతిబింబం గీత దగ్గర తెగుతుంది. సిరా ఉన్న మేర మెరుపు తగ్గడమో, నల్ల మార్కరైతే ఊదా, రాగి రంగుల జిగి రావడమో జరుగుతుంది. అద్దం మీద జారినట్టు మెరుపు ఎక్కడా తెగకపోతే సంతకం ఫోటో లోపలే ఉంది. మెరుపు లేని మ్యాట్ కాగితం మీద, లామినేషన్ చేసిన వాటి మీద ఈ పరీక్ష పనిచేయదు.

తర్వాత భూతద్దం:

- నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు వరుసలో కనిపిస్తే, సినిమా పోస్టరులా ఆఫ్‌సెట్ అచ్చు.
- గీత అంచున సన్నటి చుక్కలు చిమ్మినట్టు చెదిరి ఉంటే, ఇంక్‌జెట్ ప్రింటు.
- చుక్కలేవీ లేకుండా గీత నిండుగా ఉండి, గీతలు ఒకదాన్నొకటి దాటినచోట రంగు ముదిరితే, మార్కరు.
- వెండి, బంగారు పెయింట్ పెన్ను అయితే సిరాలో లోహపు పొడి తళుకు కనిపిస్తుంది, గీత కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది.
- బాల్‌పెన్ అయితే కాగితం మీద గాడి పడుతుంది. నున్నటి ఫోటో మీద మధ్యమధ్య సిరా తప్పుతుంది కూడా.

చుక్కలు కనిపించగానే మొత్తం నకిలీ అనేయకండి. ఫోటోయే ఆఫ్‌సెట్ అచ్చు అయి, దాని మీద అసలు సంతకం ఉండొచ్చు. చూడాల్సింది గీతలో చుక్కలున్నాయా అని. గీత వెంబడి కదులుతూ, అది లేత రంగు చోటు నుంచి ముదురు చోటులోకి వెళ్లే దగ్గర ఆగి చూడండి. తేడా అక్కడ బాగా తెలుస్తుంది.

తడి వేలితో రుద్దడం, శానిటైజర్ చుక్క వేయడం లాంటివి మాత్రం చేయొద్దు. అసలు సంతకమైతే మీ చేతులతో మీరే చెరిపేసినవాళ్లవుతారు.

6. స్టాంపు, యంత్రం

రబ్బరు స్టాంపు అయితే సిరా గీత అంచులకు చేరి నడుమ పలచబడుతుంది. గీతలు దాటేచోట రంగు ముదరదు, ఏ గీత ముందు పడిందో తెలియదు. యంత్రం పట్టుకున్న పెన్ను అయితే గీత మందం మొదటి నుంచి చివరి దాకా ఒకటే, రెండు కొసల్లోనూ చుక్క దిగుతుంది. అదే యంత్రపు మరో సంతకం దొరికితే రెండూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు సరిపోతాయి. రెజ్లింగ్ ఫోటోల్లో అచ్చు సంతకాలతో పోలిస్తే ఇవి తక్కువ.

7. కంటికి తర్ఫీదు

ఇది దాటేసి నేరుగా పోలికలోకి దూకేవాళ్లే ఎక్కువ. పావుగంట పని, చేసి తీరండి.

పక్కన పెట్టుకున్న పనికిరాని ఫోటో మీద మీ సొంత సంతకం మామూలు వేగంతో పదిసార్లు పెట్టండి. వాటిలో ఒకటి ఎంచుకుని, దాన్నే చూస్తూ అచ్చం అలాగే వచ్చేలా నిదానంగా మూడుసార్లు గీయండి. ఇప్పుడు పదమూడింటినీ భూతద్దంలో చూడండి.

మొదటి పదీ ఒకేలా ఉండవు, ఊపు మాత్రం ఒకటే. గీతలు సన్నగా మొదలై సన్నగా తేలిపోతాయి, పెన్ను గాల్లో ఉండగానే కదలిక మొదలైనట్టు తెలుస్తుంది. నిదానంగా గీసిన మూడింటి ఆకారం బాగానే కుదురుతుంది కానీ, కొసలు మొద్దుగా ఉంటాయి. వంపుల్లో చిన్న వణుకు, ఆలోచించి ఆగినచోట సిరా మచ్చ. నకిలీ సంతకంలో మీరు వెతకబోయేది సరిగ్గా ఇదే. అక్షరం ఆకారాన్ని ఎవరైనా నేర్చుకోగలరు, వేగాన్ని నేర్చుకోవడం కష్టం.

8. నమూనాలు పోగేసి పోల్చడం

కనీసం 15 నమూనాలు కావాలి, మీ ఫోటో తేదీకి మూడు నాలుగేళ్లు అటూ ఇటూ. నమ్మదగ్గవి ఇవి:

- రెజ్లర్ సంతకం పెడుతూ కనిపించే వీడియోలు.
- ఫ్లీర్, టాప్స్, పానిని కంపెనీలు ప్యాకెట్లలో పెట్టి అమ్మిన సంతకపు కార్డులు. చిన్న స్టిక్కరు మీద పెట్టిన సంతకాలైతే ఇరుకుగా ఉంటాయి, కొలతలకు వాడొద్దు.
- సంతకాలు అసలువో కావో తేల్చే పేరున్న పరిశీలన కంపెనీలు సాక్షి సమక్షంలో ధ్రువీకరించినవి.

వేలం సైట్లలో అమ్మకానికున్న వాటిని నమూనాలుగా తీసుకోవడం పెద్ద పొరపాటు. ఒకే చేతి నకిలీలు పది పోగేస్తే, పదకొండోది వాటితో అచ్చంగా సరిపోతుంది!

మీ ఫోటోను 600 డీపీఐలో స్కాన్ చేయండి. రంగులు, పదును సరిదిద్దే ఆప్షన్లన్నీ ఆపేయండి. ఆ తర్వాత ఈ వరుసలో చూడండి:

1) పెన్ను ఎక్కడ లేచింది? నమూనాల్లో ఒకే ఊపులో వెళ్లేచోట మీ ఫోటోలో పెన్ను లేస్తే అది పెద్ద అనుమానం.
2) గీతల వరుస. దాటేచోట ఏది పైన ఉందో మైక్రోస్కోపులో చూడండి.
3) నిష్పత్తి. అన్నిటికన్నా పొడవైన అక్షరం ఎత్తును సంతకం మొత్తం పొడవుతో భాగించండి. 15 నమూనాల్లో ఇది ఉదాహరణకు 0.28 నుంచి 0.36 దాకా తిరిగి, మీది 0.50 వస్తే ఎందుకో ఆలోచించాలి.
4) అడుగు వరుస. పైకి ఎక్కుతోందా, కిందికి దిగుతోందా.
5) తలకిందులు చేసి చూడటం. పేరు చదవడం మానేసి కన్ను ఆకారాల్ని చూస్తుంది.

ఫోటో ఎడిటరులో మీ స్కాన్‌ను ఒక్కో నమూనా మీద సగం పారదర్శకంగా పరిచి చూడండి. కొంచెం తేడా ఉంటే మంచిదే. వెంట్రుకవాసి తేడా లేకుండా ఏదో ఒక నమూనాతో సరిపోయిందంటే, దాన్నుంచే దిద్దారు లేదా అచ్చువేశారు.

బల్ల దగ్గర కూర్చుని పెట్టిన సంతకానికీ, ఎయిర్‌పోర్టులో నడుస్తూ పెట్టినదానికీ చాలా తేడా ఉంటుంది. రెండో రకంలో సగం అక్షరాలే ఉండొచ్చు. దాన్ని పొడి సంతకాలతోనే పోల్చండి.

9. సర్టిఫికెట్‌ను పరీక్షించడం

‘100 శాతం ఒరిజినల్’ అని బంగారు అంచు కాగితం మీద ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. మూడు ప్రశ్నలు వేయండి: రాసిందెవరు, ఏం చూసి రాశారు, తప్పని తేలితే డబ్బు ఎవరు వెనక్కిస్తారు? అమ్మేవారే రాసుకున్నది సర్టిఫికెట్ కాదు, రసీదు.

పీఎస్ఏ/డీఎన్ఏ, జేఎస్ఏ, బెకెట్ లాంటి పరిశీలన కంపెనీల స్టిక్కర్లుంటే నంబరును ఆ కంపెనీ సైట్లోనే సరిచూడండి. చిరునామా మీరే టైపు చేయండి, అమ్మేవాళ్లు పంపిన లింకు నొక్కొద్దు. నంబరు ఉంటే చాలదు. వేరే ఫోటోకిచ్చిన నంబరును దీనికి అతికించి ఉండొచ్చు. రెజ్లర్ పేరు, వస్తువు వివరం, సైట్లో బొమ్మ ఉంటే ఆ బొమ్మ, అన్నీ కలవాలి. స్టిక్కరు అంచులు లేచినా, కింద పాత జిగురు గుర్తు కనిపించినా ఆగిపోండి.

రెజ్లర్ పెన్ను పట్టుకుని నవ్వుతున్న ఫోటోను జతచేసి ఇచ్చినా అంతే. అందులో కనిపించేది మీ ఫోటోయేనా, సంతకం గీతకు గీత కలుస్తోందా చూడాలి. ఒక్క నవ్వు ఫోటోతో యాభై వస్తువులు అమ్మేయొచ్చు.

10. కంపెనీకి పంపాలా?

పరిశీలన ఫీజు, రెండు వైపులా అంతర్జాతీయ కొరియరు, బీమా కలిపి ముందు లెక్కేయండి. మొత్తం ఖర్చు ఫోటో ధరలో మూడో వంతు దాటితే పంపకపోవడమే నయం. ఆండ్రే లాంటివారి సంతకమైతే ఆలోచించకుండా పంపండి.

బెకెట్ ఉన్నది డాలస్ పక్కన ప్లేనోలో, జేఎస్ఏ న్యూజెర్సీలో. రెండు చోట్లా మనవాళ్లకు కొదవ లేదు. సెలవులకొచ్చి తిరిగి వెళ్లే బంధువు చేత పంపితే కొరియరు ఖర్చు సగం తగ్గుతుంది. చేతికిచ్చేముందు:

- రెండు వైపులా 600 డీపీఐ స్కాన్ దాచుకోండి.
- ఫోటోను ప్లాస్టిక్ కవరులో పెట్టి, రెండు గట్టి అట్టల మధ్య బిగించండి. టేపు అట్టలకే తప్ప ఫోటోకు తగలకూడదు.
- కొరియరులో పంపితే విలువ నిజం రాయండి, ఎగుమతి కాగితాలు పారేయొద్దు. తిరిగొచ్చేటప్పుడు ఇది మీ వస్తువేనని కస్టమ్స్‌కు చూపడానికి అవే ఆధారం.

11. తరచూ జరిగే పొరపాట్లు

‘చదవడానికి స్పష్టంగా ఉంది, కాబట్టి అసలుది.’ నిజానికి తిరగేసి అనుమానించాలి. రోజుకు వందలు పెట్టేవాళ్ల సంతకం చాలాసార్లు గీతలే.

‘సిరా వెలిసిపోయింది, కాబట్టి పాతది.’ కిటికీ దగ్గర ఎండలో పెట్టినా మార్కరు వెలుస్తుంది. వెలుపు ఒక్క సంతకానికే ఉందా, ఫోటో రంగులూ పాలిపోయాయా చూడండి.

‘ఒక్క అక్షరం తేడాగా ఉంది, కాబట్టి నకిలీ.’ ఒక్క తేడాతో తీర్పు చెప్పొద్దు. అదే అక్షరం ఇంకే నమూనాలోనైనా అలా ఉందేమో వెతకండి.

‘ఫేస్‌బుక్ గుంపులో అడిగితే బాగుందన్నారు.’ ఎందుకు బాగుందో ఏ గీతను చూపి చెప్పారో అడగండి. గీత చూపించలేనివాళ్ల మాట లెక్కలోకి రాదు.

12. తేలాక దాచడం

లామినేషన్ వద్దు. వేడికి సిరా పాకుతుంది, తర్వాత పరీక్షించే వీలుండదు. పీవీసీ కవర్లు కాలక్రమంలో జిగటెక్కి సిరాను లాగేస్తాయి, పాలీప్రొపిలీన్‌వి కొనండి. ఫ్రేములో పెడితే ఫోటోకీ అద్దానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ వచ్చేలా అట్ట అంచు వేయించండి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల తేమకు ఇది తప్పనిసరి. ఎండ పడని గోడకు తగిలించండి. మీరు చేసిన స్కాన్లు, తేదీల గీత, కొలతలు ఒక కవరులో పెట్టి ఫ్రేము వెనక అంటించండి. మళ్లీ అమ్మే రోజు కొనేవాళ్లు మొదట అడిగేది వాటినే.